కణాలకి గురుత్వాకర్షణ లేదని ఎవరు చెప్పారండీ?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ సైన్స్ పేజీలో "అణువు లోపల గురుత్వాకర్షణ పనిచేయదు" అని అంత పెద్ద హెడ్డింగ్ పెట్టారు. సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు చూశా, వేయలేదు, అందుకే రాస్తున్నా.

పనిచేయకపోవడం వేరు, తెలియనంత బలహీనంగా ఉండటం వేరు. రెండు ప్రోటాన్లు విద్యుదావేశం వల్ల ఒకదాన్నొకటి నెట్టుకునే బలాన్ని 1 పక్కన 36 సున్నాలు పెట్టి భాగిస్తే ఎంతొస్తుందో, లెక్క ప్రకారం వాటి మధ్య గురుత్వ బలం దాదాపు అంత. అణువులో అది కనపడదు, నిజమే. కానీ న్యూట్రాన్‌కి ఆవేశం లేదు కదా, దాన్ని భూమి లాగడం 1975లోనే ప్రయోగంలో తేలింది. 2002లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బాగా నెమ్మదైన న్యూట్రాన్లని అద్దం మీద జారనిస్తే అవి ఏ ఎత్తులో పడితే ఆ ఎత్తులో లేవు, మెట్లు మెట్లుగా ఉన్నాయి, మొదటి మెట్టు ఎత్తు మిల్లీమీటరులో వందో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే! 2023లో యూరప్‌లోని కణ పరిశోధన కేంద్రం సెర్న్ వాళ్ళు యాంటీ హైడ్రోజన్ (హైడ్రోజన్‌కి వ్యతిరేక ఆవేశాలున్న జంట పదార్థం) కూడా కిందకే పడుతుందని చూపించారు. ఇవన్నీ గురుత్వాకర్షణ లేకుండానే జరిగాయా?

అసలు తేలనిది వేరే ఉంది. క్వాంటం సిద్ధాంతం చెప్పినట్టు ఒక కణం ఒకేసారి రెండు చోట్ల ఉన్న స్థితిలో ఉంటే దాని ఆకర్షణ ఎటు నుంచి వస్తుంది? గురుత్వాకర్షణని మోసుకెళ్తుందని ఊహించే కణం, గ్రావిటాన్ అనేది ఉందా? ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. 2021లో వియన్నాలో 2 మిల్లీమీటర్ల బంగారు గుండు ఇంకో గుండుని లాగడం కొలిచారు, ఒక్కోటి 90 మిల్లీగ్రాములే, అయినా కణాల దాకా రావాలంటే ఇంకా బోలెడు దూరం. ఇంత మంచి సంగతిని వదిలేసి లేని సంగతి రాశారు.

ఒకప్పుడు ఇలాంటివి సబ్జెక్టు తెలిసినవాళ్ళకి చూపించి వేసేవాళ్ళు. ఇప్పుడు పేపర్లే కాదు, పాఠ్యపుస్తకాలు తయారుచేసే అధికారులూ అంతే, తప్పు ఎత్తిచూపిస్తే వచ్చే ముద్రణలో చూద్దాం అంటారు, ఆ లోపు చదివి పరీక్ష రాసేసిన పిల్లల సంగతేంటి?

మా వాడు ఆ కటింగ్‌ని ఫిజిక్స్ నోట్‌బుక్‌లో అంటించుకున్నాడు. తప్పురా అంటే "పేపర్లో వచ్చింది కదా నాన్నా" అంటున్నాడు. దయచేసి సవరణ అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో వేయండి, దాని కిందే అంటిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు