మంచు, చీకటి, హత్య: ఇంతేనా నార్డిక్ నేర నవల?
నార్డిక్ (స్వీడన్ వంటి ఉత్తర ఐరోపా దేశాల) నేర నవలలను మన ఆదివారం సాహిత్య పేజీలు మంచు, చీకటి, హత్య అని మూడు ముక్కల్లో తేల్చేస్తున్నాయి. వాటిని నడిపించే వలసల గొడవ సమీక్షల్లో కనబడదు. స్వీడిష్ రచయిత హెన్నింగ్ మాంకెల్ 1991లో తెచ్చిన, పోలీసు డిటెక్టివ్ వాలండర్ కథల్లో తొలి నవలనే తీసుకోండి. దక్షిణ స్వీడన్‌లోని స్కోనె పల్లెలో ముసలి రైతు దంపతులపై దాడి. భార్య చనిపోతూ అన్న మాట ‘విదేశీ’. అది పత్రికలకు పొక్కుతుంది, శరణార్థుల శిబిరానికి నిప్పంటుకుంటుంది, నేరంతో సంబంధమే లేని సోమాలియా మనిషి కాల్పుల్లో పోతాడు. ఇదేమీ గాలిలోంచి పుట్టలేదు: అదే స్కోనెలోని షోబో మునిసిపాలిటీ జనం 1988లో శరణార్థులు వద్దని ఓటేశారు. ఇది చెప్పకపోతే పాఠకుడికి మిగిలేది పొడుపుకథే. తెలుగులోకి తేవడంలో ఇంకో చిక్కుంది. 1960ల చివరి నుంచి స్వీడన్‌లో పైఅధికారినైనా, ముక్కూమొహం తెలియనివారినైనా ‘దు’ (నువ్వు) అనే అంటున్నారు. పోలీసు చేత స్థానికుణ్ణి ‘మీరు’ అని, శరణార్థిని ‘నువ్వు’ అని పలికిస్తే మూలంలో లేని చిన్నచూపును మనమే కలిపినట్టు. సమీక్షకులు మూల ప్రచురణ సంవత్సరం, కథ జరిగే ఊరు, అప్పటి శరణార్థుల పరిస్థితి రెండు మూడు వాక్యాల్లో ఇవ్వాలి. ప్రచురణకర్తలు ఇంగ్లిష్ ప్రతితో సరిపెట్టుకోక, కనీసం సంబోధనలు, తిట్లు స్వీడిష్ తెలిసినవారితో సరిచూపించాలి.