పాటిమన్ను తోలేముందు ఒక్క మాట

హన్మకొండ

అరేయ్ శ్రీనూ,

ఎట్లున్నావురా? బాపు మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మీ పాటిగడ్డ, అదే పాత ఊరి దిబ్బ మన్ను పత్తిచేనుకు తోలిస్తారని ఫోన్లో అన్నావు చూడు, అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. ట్రాక్టర్ వచ్చేలోపు ఈ ఉత్తరం చేరాలి.

తోలొద్దని అననులే. పాటిమన్ను బలం రైతుకు నేను చెప్పాలా? తరాల తరబడి పోసిన బూడిద, పేడ, ఎముకల భాస్వరం అది. అమెజాన్ అడవుల్లోనూ ఇదే కథ. చుట్టూ పస లేని నేల, నడుమ బొగ్గు, కుండపెంకులు కలిసిన నల్లమట్టి. టెర్రా ప్రేటా అంటారు. ఒకప్పుడు అక్కడ ఊళ్లు ఉండేవని ఆ మట్టే పట్టిచ్చింది.

ఎండా వానా దంచే చోట కట్టె, గుడ్డ నిలవవు. నేలలో ఆమ్లం ఉంటే ఎముక కూడా కరిగిపోతుంది. పైగా చెదలు కింది మన్ను పైకి తెచ్చి పొరలన్నీ కలిపేస్తాయి. అందుకే పూసలు, పెంకులు ఏరుకుని సంబరపడితే చాలదురా, మట్టినే చదవాలి. వరిగడ్డి కుళ్లినా దాని సిలికా రేణువులు మిగులుతాయి. వాటి ఆకారం చూసి ఏ పంటో పోల్చుకోవచ్చు.

నాకు మహా ఇష్టమైన పని ఇంకోటుంది. మట్టిపెళ్లను చెదరకుండా కోసి, ఆరబెట్టి, రెసిన్ అనే గట్టిపడే జిగురు పట్టించి, గాజుపలకకు అంటించి 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తారు. మైక్రోస్కోప్ కింద పెడితే ఒకదానిమీద ఒకటి అలికిన పొరలు విడివిడిగా కనబడతాయి. పశువుల పేడలోని సున్నపు గుండ్లు ఒక్కోటి నడుమ సిలువ గీతతో మెరుస్తాయి. అదీ నేలలో ఆమ్లం లేకుంటేనే.

ఉట్నూరు బూడిద దిబ్బ విన్నావా? మన ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాలమూరు వైపుది. 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వితే అదంతా కొత్త రాతియుగం వాళ్లు కాల్చిన పేడ అని తేలింది. పశువుల గిట్టల అచ్చులు కూడా దొరికాయి! శాతవాహనుల నాటి ఊళ్లు బయటపడ్డ పెద్దబంకూరు, ధూళికట్ట మీకు పక్కనేనాయె, మీ గడ్డలో ఏముందో ఎవరు చూశారు?

ఒక్క పని చెయ్యి. ఒక కొసన రెండు గజాలు ముట్టుకోకుండా వదిలేయమను. తవ్విన గోడ నిలువుగా ఉంటే స్కేలు ఆనించి ఫోటోలు పంపు. ఇటుక వరుస గానీ తగిలిందా, జేసీబీ ఆపించి పురావస్తు శాఖ వాళ్లకు చెప్పు. బాపు తిడతాడు, తిట్టనీ.

దసరాకు వస్తున్నా. సర్వపిండి సంగతి అవ్వకు ఇప్పుడే చెప్పిపెట్టు.

నీ
రాజు