షేడ్ ఆపేస్తే ఆపండి, ఫార్ములా మాత్రం ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

రంగుల కంపెనీలు షేడ్ కార్డు మార్చినప్పుడల్లా కొన్ని రంగులు చడీచప్పుడు లేకుండా మాయమవుతున్నాయి. గోడలకు వేసుకునేవాళ్లు పక్క షేడ్‌తో సరిపెట్టుకుంటారు. కానీ నాలాగా పాత బస్సులకీ, లాంచీలకీ కొలత ప్రకారం చిన్న మోడల్స్ చేసుకునేవాళ్లకు అది పెద్ద దెబ్బే. నేనిప్పుడు చేస్తున్నది పాత ఆర్టీసీ ఎర్రబస్సు, 1:24 స్కేలు, అంటే అసలు కొలతలో ఇరవై నాలుగో వంతు. కిటికీలు, టాపు మీద క్యారియర్, వెనక నిచ్చెన అన్నీ కుదిరాయి, ఇక రంగే మిగిలింది. కోనసీమలో మా తరం వాళ్లందరం ఆ బస్సుల్లో తిరిగినవాళ్లమే కాబట్టి ఎరుపులో కాస్త తేడా వచ్చినా "ఇది మన బస్సు కాదే" అనేస్తారు. ఇన్నాళ్లూ నేను వాడిన సింథటిక్ ఎనామెల్ షేడ్ ఆ ఎరుపుకి అచ్చంగా సరిపోయేది. మొన్న రాజమండ్రిలో కొట్టుకి వెళ్లి అడిగితే "ఆపేశారండి, కంప్యూటర్లో కూడా తీసేశారు, దగ్గర్లోది ఇమ్మంటారా?" అన్నారు.

దగ్గర్లోది పనికిరాదండీ. ముక్క చూపిస్తే కొట్లోని టింటింగ్ మిషన్ రంగు కలిపి ఇస్తుంది, నిజమే, కానీ అది చూసేది పైపొరనే. పాత సామాన్ల కొట్లో దొరికిన అసలు బస్సు రేకు ముక్క నా దగ్గరుంది. ఎండకీ ఉప్పుగాలికీ పైన పొడికట్టి, వేలితో రాస్తే గులాబీరంగు సున్నంలా అంటుకుంటుంది. దాన్ని అలాగే మిషన్‌కి పెడితే వెలిసిపోయిన ఎరుపే వస్తుంది. సీటు బిగించిన బోల్టు వాషర్ కింద ఎండ తగలని చిన్న గుండ్రటి మచ్చ ఉంది, అసలు రంగు అక్కడే బతికుంది, ఆ జాగా మిషన్‌కి చాలదు.

ఇక చేత్తో కలుపుకోవాలి. ఎరుపు మరీ గుప్పున ఉందని నలుపు వేస్తే గోధుమలోకి పోతుంది, పుల్ల మొనతో ఆకుపచ్చ ఒక్క చుక్క వేస్తే నిదానంగా తగ్గుతుంది. తేలిక చేద్దామని తెలుపు కలిపితే గులాబీ అవుతుంది, నారింజ కలపాలి. తడి మీద పోల్చకూడదు, ఎనామెల్ ఆరాక కాస్త ముదురుతుంది. కింద బూడిద ప్రైమర్ ఉంటే ఒకలా, తెల్లది ఉంటే ఇంకోలా కనిపిస్తుంది. ఇంత చేసి ట్యూబ్‌లైట్ కింద అచ్చు కుదిరిందనుకున్న రంగు పొద్దున్నే అరుగు మీద పెడితే వేరేగా ఉంటుంది! దీన్ని మెటామెరిజం అంటారు. రెండు రంగుల్లో వాడిన పిగ్మెంట్లు, అంటే రంగునిచ్చే పొడులు, వేరైతే ఒక వెలుతురులో కలిసినవి ఇంకో వెలుతురులో విడిపోవచ్చు. అందుకే నేను ఫార్ములా అడుగుతున్నాను. ఏ పిగ్మెంట్ ఎంత పడిందో తెలిస్తేనే ఎండలోనూ దీపం కిందా ఒకేలా ఉండే రంగు వస్తుంది, కంటితో ఎంత కలిపినా అది అదృష్టం మీదే ఆధారం.

కొన్ని రంగులు పోవడానికి న్యాయమైన కారణముంది, దాన్ని కాదనను. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. పాత పసుపులు, నారింజల్లో చాలావాటి మెరుపు సీసం క్రోమేట్‌దే, అవి తిరిగి రావాలని ఎవరూ కోరకూడదు. నాలాగా పాత రేకులు గీకేవాళ్లు కూడా పొడిగా గీకకుండా వాటర్ పేపర్‌ని (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) తడిపి, మాస్క్ పెట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి గీకండి, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అయితే అమ్మకాలు తగ్గాయని ఆపేసిన షేడ్‌కి ఈ అడ్డు లేదు కదా. టింటింగ్ మిషన్‌లో ఆ లెక్క ఒక మూల ఉంటే ఎవరికేం బరువు?

మన దేశంలో రంగులకు ఐఎస్ 5 అనే ప్రమాణం ఉంది. సిగ్నల్ రెడ్ 537, పోస్టాఫీస్ రెడ్ 538, ఇలా నంబరు చెబితే ఏ రంగో తేలిపోతుంది. కంపెనీలు సొంత పేర్లు పెట్టి అమ్మే షేడ్లకే ఈ ఆసరా లేదు. ఆపేసిన షేడ్ల ఫార్ములాలు డీలర్ల మిషన్లలో ఉంచాలనీ, లీటరు డబ్బా కొనాల్సిందే అనకుండా చిన్న సీసాడు కూడా కలిపి ఇవ్వాలనీ కంపెనీలను కోరుతున్నాను. మోడల్స్‌కి రంగులమ్మే బ్రిటిష్ బ్రాండ్ హంబ్రోల్ వాళ్లు 14 మిల్లీలీటర్ల డబ్బాలు అమ్ముతుంటే మన దగ్గర ఎందుకు కుదరదు? ఆర్టీసీ వారు కూడా పాత బస్సులకు ఏ నంబరు రంగు వేసేవారో రికార్డుల్లో ఉంటే బయటపెట్టాలి.

రావులపాలెం, పాలకొల్లు, కాకినాడ వైపు బాడీ బిల్డింగ్ షెడ్ల వాళ్లు, పాత పెయింటర్లు ఎవరి అటక మీదైనా పాత షేడ్ కార్డులు ఉంటే దయచేసి తూకానికి వేసేయకండి. ఈ పత్రికకు ఒక ముక్క రాయండి, నేనే వచ్చి చూసుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజోలు