మూసేసిన నా ఫిర్యాదు గురించి

మేనేజర్ గారికి,

ఆరేళ్లుగా మీ దగ్గరే సైనికుల బొమ్మలు కొంటున్నాను. పార్శిల్ మారిపోవడం ఎక్కడైనా జరుగుతుంది, దానికి నాకు కోపం లేదు. నెల రోజులుగా మీవాళ్లు నన్ను తిప్పుతున్న తీరుకే ఈ ఉత్తరం.

ప్రష్యన్ పదాతి దళం అడిగితే బవేరియన్లు వచ్చారు. ప్రష్యా, బవేరియా అప్పట్లో వేర్వేరు జర్మన్ రాజ్యాలు. మొదట ఫోనెత్తినాయన ఫొటో పంపమన్నాడు. రాత్రి టేబుల్ లైటు కింద రెండు బొమ్మలు పక్కపక్కన నిలబెట్టి తీశాను. ప్రష్యన్ హెల్మెట్ మీద మేకులాంటి మొన, బవేరియన్ దాని మీద గొంగళిపురుగు పాకినట్టు నల్లటి కుచ్చు. చిన్నపిల్లలకైనా తేడా తెలుస్తుంది. వారం తర్వాత ఇంకొకరు, మళ్లీ ఆర్డర్ నంబరు దగ్గర్నుంచి మొదలు, మళ్లీ ఫొటో. మూడోసారి ఒకావిడ "లైన్లో ఉండండి సార్" అని ఇరవై నిమిషాలు పాట వినిపించి కాల్ కట్ చేశారు. నాలుగో ఆయన "రెండూ జర్మన్ సైన్యమే కదా సార్, అడ్జస్ట్ అవ్వండి" అన్నాడు.

ఎలా అవ్వాలి? 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలైనప్పటికి జర్మనీ ఇంకా ఒక్క దేశం కాలేదు. బవేరియాకు రెండో లుడ్విగ్ రాజు, సొంత సైన్యం, లేత నీలం యూనిఫాం. ప్రష్యన్లది ముదురు నీలం. నేను చేస్తున్నది ఆ యుద్ధంలో వర్త్ అనే ఊరి దగ్గర జరిగిన పోరులో జనరల్ కిర్ష్‌బాఖ్ నడిపిన ప్రష్యన్ 5వ కోర్, అంటే ఒక పెద్ద సైనిక విభాగం. ఎనిమిది రెజిమెంట్లు, ఒక్కోదానికి 3 బెటాలియన్లు, పైన ఒక యేగర్ (తేలికపాటి పదాతి) బెటాలియన్, మొత్తం 25. అందులో 16 పూర్తిచేశాను. పదాతి దళంలోనే రెండు రకాలైన ఫ్యుజిలియర్ల నల్ల బెల్టులు, మస్కెటీర్ల తెల్ల బెల్టులు ఒక్కొక్కటీ సన్న కుంచెతో దిద్దాను. బవేరియన్లూ ఆ యుద్ధంలో ఉన్నారు, కానీ వాళ్లను మా స్నేహితుడు తయారుచేస్తున్నాడు. వర్త్ పోరు జరిగిన ఆగస్టు 6నే ఈ బొమ్మలతో యుద్ధం ఆట పెట్టుకున్నాం.

ఇదంతా ఓపికగా చెబితే, మర్నాడు మెసేజ్: "మీ సమస్య పరిష్కరించబడింది." ఎవరు పరిష్కరించారు? నాతో ఎవరు మాట్లాడారు? ఆ ఒక్క మాట చూసి ఆ రాత్రి నిద్రపట్టలేదు. మీ షాపు మంచిదని చెప్పి ఐదుగురు స్నేహితులను నేనే పంపాను. వాళ్లకిప్పుడు ఏం చెప్పను?

నాకు ఇంకో టికెట్ నంబరు వద్దు. సంగతి తెలిసిన మనిషి ఒకరు ఫోన్ చేసి నా మాట చివరిదాకా వినాలి. సరైన బొమ్మలూ పంపాలి, అది వేరే చెప్పక్కర్లేదు. పది రోజుల్లో ఎవరూ పలకకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. నాలుగు కాల్స్ తేదీలు, ఫొటోలు, మీ మెసేజ్ అన్నీ దాచుకున్నాను.

ఇట్లు,
మీ ఆరేళ్ల కస్టమర్