ముందు మాట వినబడనీ, బావా

ప్రియమైన బావకి,

‘ఏ హోమ్ థియేటర్ కొనాలో ఒక్క ముక్కలో చెప్పు’ అని ఫోన్‌లో అడిగావు. ఒక్క ముక్కలో తేలే సంగతే అయితే ఆరేళ్ళ కిందట నేను 14,000 రూపాయలు గోదావరిలో పోసేవాణ్ణి కాదు. అందుకే కాగితం తీశాను. దాళ్వా కోతలు అయిపోయాయి, ధాన్యం మిల్లుకి వెళ్ళిపోయింది, కొబ్బరి దింపుకి ఇంకా వారం ఉంది. తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువు. ఏ వరసా కలవకపోయినా ఇన్నేళ్ళుగా బావా అని పిలిపించుకుంటున్నందుకు ఈ మాత్రం శిక్ష నీకు తప్పదు.

ముందు నా తెలివితక్కువతనం చెబుతాను. అప్పుడు పట్నంలో ఒక దుకాణానికి వెళ్ళాను. చీకటి గది, నాలుగు పక్కలా స్పీకర్లు, తెర మీద ఏదో యుద్ధం. బాంబు పేలితే నా చొక్కా అదిరింది. అట్టపెట్టె మీద అరచేయంత అంకెలతో ‘10,000 వాట్లు’ అని ఉంది. ఇంకేం కావాలి? అయిదు చిన్న డబ్బాలూ ఒక పెద్ద డబ్బా మోసుకొచ్చాను. 5.1 అంటే అదేలే. అయిదు మామూలు స్పీకర్లు, చుక్క తరవాతి ఒకటి బేస్ కోసం, అంటే దడదడలాడే అడుగు శ్రుతి శబ్దాల కోసం పెట్టే సబ్‌వూఫర్. అన్నీ బిగించి సాయంత్రం వార్తలు పెట్టాను. అమ్మ రెండు నిమిషాలు విని, ‘ఆయన నూతిలోంచి చదువుతున్నాడేమిటిరా?’ అంది.

ఆ 10,000 వాట్ల గుట్టు మా ఊరి మైకుసెట్టు ఆయన విప్పాడు. పెళ్ళిళ్ళకీ, హరికథలకీ, తీర్థాలకీ మైకులు కట్టీ కట్టీ ముదిరిన మనిషి. పెద్ద డబ్బాని తిరగేసి వెనక అంటించిన చిన్న రేకు చూపించాడు. కరెంటు వాడకం 60 వాట్లని ఉంది. ‘గోడలోంచి అరవై పుచ్చుకునేది పదివేలు ఎక్కణ్ణించి ఇస్తుంది బాబూ, ఇదేమైనా అక్షయపాత్రా?’ అన్నాడు. పెట్టె మీద వేసేది పీఎంపీఓ లెక్కట. రెప్పపాటు కాలం వచ్చే ఉరవడిని ఎవరికి తోచినట్టు వాళ్ళు పెంచి రాసుకునే అంకె, దానికి ఒక కొలబద్దంటూ లేదు. నువ్వు చూడవలసింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే తెరిపి లేకుండా ఇవ్వగల శక్తి. అందులో కూడా మోజు పడకు. వాట్లు రెట్టింపు చేస్తే, శబ్దాన్ని కొలిచే లెక్కలో పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే దాదాపు 10 డెసిబెళ్ళు పెరగాలి, అంటే పదింతల వాట్లు కావాలి. మీ హాలంత గదికి నిజమైన వాట్లు 60 ఉంటే మిగిలిపోతాయి.

ఇక నీ సంగతి. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ అసలు బాధ సినిమాలు కాదు, మీ నాన్నగారు. ఆయన టీవీ మోత 40లో పెడతారు, అమ్మగారు వంటింట్లోంచి కేకలేస్తారు. ఇంతా చేసి ఆయన ‘వాడేమన్నాడు?’ అని మళ్ళీ నిన్నే అడుగుతారు. ఉగాదికి కొన్న టీవీ మంచిదే. అయితే అప్పడంలా పలచబడిపోయిన ఈ టీవీల్లో స్పీకరుకి చోటెక్కడిది? కింది అంచులోనో వెనక వైపో ఇరికిస్తారు. మాట మన వైపు రాకుండా బల్లకో గోడకో కొట్టుకుని చుట్టుతిరిగి వస్తుంది. దానికి తోడు, వయసు మీద పడ్డ చెవి మొదట పోగొట్టుకునేది హెచ్చు శ్రుతిలో ఉండే సన్నని శబ్దాల్ని. స, శ, త, ప, క లాంటి హల్లుల్ని విడదీసి చెప్పేవి అవే. అచ్చులు చెవిని చేరతాయి, హల్లులు దారిలో రాలిపోతాయి. ‘పాలు’ అన్నారో ‘కాలు’ అన్నారో తేలక పెద్దాయన ఇంకాస్త మోత పెంచుతారు. బేస్ పెంచితే వినబడే ఆ కాస్తా మునిగిపోతుంది. దుకాణంలో చొక్కా అదరగొట్టి చూపించేదానికీ మీ ఇంట్లో కావలసినదానికీ ఇంత దూరం ఉంది.

మీ మేనమామ గేటు దగ్గర టికెట్లు చింపిన ఆ సినిమా హాలు గుర్తుందా? ఒకరోజు ఆట మొదలవకముందు మనిద్దరినీ తెర వెనక్కి తీసుకెళ్ళాడు. తెర నిండా సూదితో పొడిచినట్టు చిల్లులు, దాని వెనక నట్టనడుమ బీరువా అంత స్పీకరు. నువ్వు దాని గుడ్డ మీద వేలు పెట్టబోతే వీపు మీద ఒకటి పడింది. తెరకి చిల్లులేమిటి, చిరిగిందేమో అనుకున్నాం. కథానాయకుడి మాట అతని నోటి దగ్గరనుంచే రావాలి గనక స్పీకర్ని తెర వెనకే పెడతారని, గొంతు ఇవతలికి రావడానికే ఆ చిల్లులని నాకు ఎంతో కాలానికి గాని తెలియలేదు. నేల టికెట్టులో ఏ మూల కూర్చున్నా మాట తెర మీదనుంచే వచ్చేది, ఆ బీరువా పుణ్యమే.

5.1లోనూ అదే వరస. సంభాషణలు చాలావరకు నడిమి స్పీకర్లోకే పంపుతారు, సంగీతం అటూ ఇటూ పరుస్తారు, వానా గాలీ జనం గోలా వెనక స్పీకర్లకి పంచుతారు. కాబట్టి నీకు ప్రాణం నడిమి స్పీకరు. నా మాట వింటే 3.1 అని రాసి ఉన్న సౌండ్‌బార్ తీసుకో. ఒక పొడుగు పెట్టెలోనే ఎడమ, నడుమ, కుడి మూడూ ఉంటాయి, విడిగా చిన్న సబ్‌వూఫర్ వస్తుంది. 2.1 ఇంకా చవక, పాటలకి చక్కగా ఉంటుంది. అందులో నడిమి స్పీకరు లేకపోయినా టీవీకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నవాడికి మాట మధ్యలోంచే వస్తున్నట్టు భ్రమ కలుగుతుంది. పక్కకి జరిగితే ఆ భ్రమ చెదిరిపోతుంది. మీ నాన్నగారి పడక కుర్చీ గుమ్మం పక్కన, టీవీకి ఏటవాలుగా ఉంటుంది కదా. ఆయన్ని కుర్చీ జరపమని అడిగే ధైర్యం నీకుంటే 2.1 కొనుక్కో.

వెనక స్పీకర్లు వద్దు. అవి కూర్చున్న మనిషికి పక్కగా, కాస్త వెనగ్గా ఉండాలి. మీ హాల్లో ఒక పక్క గుమ్మం, ఇంకో పక్క దేవుడి గది, వెనక గోడ. తీగలు ఎటునుంచి లాగుతావు? మా ఇంట్లో ఎడమదాన్ని కిటికీ ఊచకీ, కుడిదాన్ని క్యాలెండరు మేకుకీ వేలాడదీశాను. సంక్రాంతికి సున్నాలు వేసినప్పుడు దింపి అటక ఎక్కించారు. అవి లేవని ఇంతవరకు ఇంట్లో ఒక్కరూ గమనించలేదు, నాతో సహా.

అట్మాస్ అని ఊరించే సౌండ్‌బార్లకి ఒక్క పైసా ఎక్కువ పెట్టకు. వాటిలో చాలావాటికి ఆకాశం వైపు చూసే స్పీకర్లుంటాయి, అవి శబ్దాన్ని చదునైన పైకప్పుకి కొట్టి నెత్తిన దింపాలి. మీదేమో పెంకుటిల్లు. వాలు కప్పు, దూలాలు, వాసాలు, పిచ్చుక గూళ్ళు. మీ నాన్నగారి నెత్తిన దిగవలసిన సినిమా వాన ఏ పెంకు సందులోంచో కొబ్బరి తోటలోకి పోతుంది.

టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉంటుంది, టీవీ శబ్దాన్ని బయటి స్పీకరుకి పంపే దారి అదే. ఈ ఏర్పాటు 2009లో వచ్చింది, నీ కొత్త టీవీకి ఉండకపోదు. ఈఏఆర్‌సీ అని ఉన్నా దాని తరవాతి తరమే, ఇబ్బంది లేదు. సౌండ్‌బార్‌ని ఆ రంధ్రానికే కలుపు. అప్పుడు టీవీ రిమోట్‌తోనే మోత తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. పెద్దాయన చేతికి రెండో రిమోట్ ఇచ్చావంటే నువ్వు రోజూ పాలకొల్లు నుంచి ఫోన్‌లో పాఠం చెప్పాలి. ఆప్టికల్ తీగ కూడా పనిచేస్తుంది గాని దానితో ఈ సుఖం మామూలుగా ఉండదు. పైగా దాని కొసకి చిన్న ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, అది తియ్యకుండా గుచ్చి నేను ఒక పూటంతా స్పీకర్ని తిట్టాను. బ్లూటూత్ పాటలకే ఉంచుకో. దానిలో శబ్దం ఆలస్యంగా వచ్చి, తెర మీద మనిషి నోరు మూశాక మాట వినబడుతుంది.

ఇప్పుడు అసలైన ముచ్చట చెబుతాను. మొన్న కోతలయ్యాక వాన మబ్బు పట్టిందని ధాన్యం బస్తాలు తెచ్చి హాల్లో రెండు గోడల వెంట నడుం ఎత్తున పేర్చాం. ఆ రాత్రి టీవీ పెడితే నా చెవులు నేనే నమ్మలేదు. అదే సెట్టు, అదే వార్తలు, ప్రతి అక్షరం ముత్యంలా వచ్చింది. మూడో రోజున లారీ వచ్చి బస్తాలు ఎత్తుకుపోయింది, సాయంత్రానికి వార్తలాయన మళ్ళీ నూతిలో పడ్డాడు! మైకుసెట్టు ఆయనకి చెబితే నవ్వి, హాలు మధ్య నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. టంగుమని గోడలన్నీ తిరిగి పలికాయి. మాది స్లాబు ఇల్లు. నున్నటి సిమెంటు గోడలు, గచ్చు మీద నిగనిగలాడే పలకలు, కిటికీలకి పలచటి తెరలు. స్పీకర్లోంచి వచ్చిన మాట ఒకటి, గోడలు తిప్పికొట్టిన మాటలు పది, అన్నీ కలిసి ముద్దయిపోతాయి. గోనె బస్తాలు ఆ పదింటినీ మింగేశాయి. ఏడాది పొడుగునా ధాన్యం ఇంట్లో పెట్టుకోలేం గనక దళసరి పరదాలు కట్టించాను, కింద కొబ్బరి పీచు చాప పరిచాను, గోడ వెంట నవారు మంచం మీద బొంతలు మడతపెట్టి ఉంచాను. బస్తాల అంత కాదు గాని ముప్పాతిక వంతు దారికొచ్చింది. డబ్బు ఖర్చుపెట్టే ముందు మీ హాల్లో చప్పట్లు కొట్టి చూడు. పెంకుటిల్లు కాబట్టి మా ఇంటి అంత పాపం మీ ఇంటికి ఉండదు. పెంకులూ వాసాలూ శబ్దాన్ని చెదరగొడతాయి, కొంత బయటికే పోనిస్తాయి.

సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తమాషా. శ్రుతి 80 హెర్ట్జ్‌ల కంటే కిందికి దిగిన శబ్దం ఏ వైపునుంచి వస్తోందో మన చెవి పోల్చుకోలేదు. కనుమ నాడు ప్రభలు కౌశిక కాలువ దాటి జగ్గన్నతోట తీర్థానికి వస్తుంటే దూరాన కొబ్బరి చెట్ల మధ్య నిలబడ్డవాడికి దరువు గుండెల్లో తగులుతుంది, దిక్కు మాత్రం తెలియదు, అలాగన్నమాట. కాబట్టి టీవీ పక్కనే ఉండాలని లేదు. మూలకి తోస్తే మోత పెరుగుతుంది, బొయ్యిమని మూలుగుతుంది కూడా. సరైన చోటు వెతకడానికి ఒక పద్ధతుంది. దాన్ని తీసుకెళ్ళి నువ్వు కూర్చునే కుర్చీ దగ్గర పెట్టి, ఒక పాట వేసి, నువ్వు గోడల వెంట పాకుతూ వినాలి. ఎక్కడ బేస్ బిగువుగా, సమంగా వినబడితే అక్కడ దాన్ని పెట్టాలి. నేను పంచె ఎగ్గట్టి పాకుతుంటే పాలు పోయడానికి వచ్చినావిడ గుమ్మంలో ఆగిపోయి, ‘అమ్మగారూ, బాబుగారి ఉంగరం పడిపోయిందా?’ అంది. అమ్మ కాదనలేదు. ఆవిడ కూడా కాసేపు వెతికి వెళ్ళింది.

దుకాణంవాడు మళ్ళీ బాంబులే వేస్తాడు. వేయనీ, తరవాత వార్తలు చదివే ఛానెల్ పెట్టమను. మోత బాగా తగ్గించి, నాలుగడుగులు పక్కకి జరిగి, తెర వైపు చూడకుండా విను. అక్షరం అక్షరం తెలిస్తే బేరం మొదలుపెట్టు. మాటల్ని పైకెత్తే మీట ఒకటీ, రాత్రి వేళకి పెద్ద మోతల్ని అణిచి గుసగుసల్ని పెంచే మీట ఒకటీ ఉన్నాయేమో అడుగు. మీ ఇంట్లో ఆ రెండో మీట తొమ్మిది దాటాక రోజూ అక్కరకొస్తుంది.

మన గాలి సంగతి నీకు చెప్పక్కర్లేదు. సబ్‌వూఫర్‌కి గుండ్రటి కన్నం ఉంటే దానిలో బల్లి కాపురం పెడుతుంది, గాలి ఆడేలా పలచటి వల కట్టు. ఉరుములు మొదలైతే ప్లగ్గు ఊడదీయమని అమ్మగారికి చెప్పు, నాన్నగారికి చెప్పినా వినరు.

పడక కుర్చీ నుంచి టీవీకి ఎన్ని అడుగులో కొలిచి, టీవీ వెనక భాగం ఫోటో తీసి పంపు. ఆదివారం చించినాడ వంతెన దాటి నేనే వస్తాను, ఇద్దరం కలిసి దుకాణానికి వెళదాం. మన చొక్కాలు అదిరించే గదిలోకి మాత్రం నన్ను లాక్కెళ్ళకు, నా మీద నాకు నమ్మకం లేదు.

నీ
బావ

తా.క.: అమ్మ కొత్త ఆవకాయ జాడీ పంపుతానంటోంది. అటక మీది రెండు వెనక స్పీకర్లు కూడా పట్టుకెళ్ళి నీకు అంటగట్టమంటోంది. ఆవకాయ కావాలంటే అవీ తీసుకోవలసిందే.