మా చిన్నోడి ఒకటో తరగతి మేడమ్‌కు, భవిత సారుకు, మిర్యాలగూడ అక్కకు కృతజ్ఞతలు

నల్లగొండలో మా ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మా చిన్నోడి ఒకటో తరగతి పూర్తి కావొస్తోంది. వాడికి ఆటిజం. పొద్దున లేవగానే బ్యాగు వేసుకొని గుమ్మంలో నిలబడుతున్నాడంటే కొంతమంది పుణ్యం. వాళ్లకు నలుగురిలో థాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్లకే తెలుస్తుంది.

ముందు మిర్యాలగూడ అక్కకు. థెరపీ దగ్గర పరిచయమైంది. వాళ్ల బాబు మావాడికన్నా పెద్దోడు. జూన్ 12న బడులు తెరుస్తారనగా నాకు ఒకటే టెన్షన్. అంతకుముందు వేసిన ఒక ప్రైవేటు బడిలో రోజూ గేటు దగ్గరే, మిగతా తల్లుల ముందే, "ఈరోజు కూడా కూర్చోలేదమ్మా, ఒకటే అరుపులు" అని చెప్పి పంపేవాళ్లు. ఎప్పుడు అరిచాడు, దానికి ముందు ఏం జరిగింది అని అడిగితే జవాబు ఉండేది కాదు. చివరికి వేరే చోట చూసుకోమన్నారు. అక్కకు ఫోన్ చేసి ఏడ్చేశాను. అంతా విని, "ఫికర్ చేయకు చెల్లే. ఈసారి రిపోర్టుతో పాటు ఒక పేజీ రాసి ఇవ్వు" అంది.

రిపోర్టు అంటే ఆటిజం ఎంత ఉందో కొలిచే ఐఎస్‌ఏఏ పరీక్షది. మన దేశపు పిల్లల కోసం సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారు చేసిన పరీక్ష అది. 40 అంశాలు చూసి స్కోరు వేస్తారు. వైకల్య సర్టిఫికెట్‌కు అది తప్పనిసరి. కానీ క్లాసు నిండా పిల్లలున్న టీచర్‌కు ఆ నంబరు చూస్తే ఏం అర్థమవుతుంది? వీడు ఏడిస్తే ఏం చేయాలో అందులో ఉండదు కదా.

అక్క తన కొడుకు కోసం రాసుకున్న పేజీని ఫొటో తీసి పంపింది. దాన్ని చూసుకుంటూ మావాడి గురించి రాశాను. పేరు పిలిస్తే వెంటనే తిరిగి చూడడు, కానీ వింటూనే ఉంటాడు. "నీళ్లు కావాలా?" అన్నాడంటే వాడికే దాహం వేస్తోందని అర్థం, మనం వాడిని అడిగే మాటనే మనకు తిరిగి చెప్తాడు. చొక్కా అంచు మెలిపెడుతుంటే బాత్రూమ్‌కు తీసుకెళ్లాలి. అన్నంలో పప్పు కలిపితే ముట్టడు, పక్కన వేస్తే రెండూ తింటాడు. గంట కొట్టినప్పుడు చెవులు మూసుకుంటే చేతులు లాగొద్దు. ఆర్టీసీ బస్సుల మీద ఊర్ల పేర్లంటే ప్రాణం: దేవరకొండ, నకిరేకల్, సాగర్ అన్నీ గుర్తుపడతాడు. ఇష్టమైనవి కూడా రాయమని అక్క మరీ మరీ చెప్పింది. అది ఎంత ముఖ్యమో తర్వాత తెలిసింది.

భవిత కేంద్రం సారు లేకపోతే ఆ పేజీ బీరువాలోనే ఉండేది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో ఈ కేంద్రాలున్నాయని, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం అక్కడ పనిచేసే ఐఈఆర్‌పీలు, అంటే ప్రత్యేక టీచర్లు, బడికి కూడా వస్తారని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. సారు మాతోపాటు బడికి వచ్చి, హెడ్‌మాస్టర్‌ను, క్లాస్ మేడమ్‌ను, మమ్మల్ని ఒక్కచోట కూర్చోబెట్టారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉందని, ప్రభుత్వ నిధులతో నడిచే బడి అయినా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి అయినా వివక్ష లేకుండా చేర్చుకొని తగిన ఏర్పాట్లు చేయాలని చట్టమే చెప్తోందని ఆ రోజే మాకు తెలిసింది. ఆయన అదంతా గొడవ పెట్టుకునే గొంతుతో చెప్పలేదు. "మేడమ్‌కు వీళ్లు ఏం చెప్పాలి, వీళ్లకు మేడమ్ ఏం చెప్పాలి, ముందు అది తేల్చుకుందాం" అన్నారు. పోట్లాటకు సిద్ధపడి వెళ్లిన మా ఆయన ఆ మాటతో కుదురుగా కూర్చున్నాడు.

ఇక మా మేడమ్. ఏమని రాయను! పేజీ చదివి పక్కన పెట్టకుండా పెన్ను తీసుకొని అడగడం మొదలుపెట్టారు. "మెలిపెట్టేది ఏ అంచు? కింది అంచేనా? ఎంతసేపు ఆగగలడు?" నా కొడుకు గురించి ఒక టీచర్ నన్ను అలా అడగడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఒక నోట్‌బుక్ ఇంటికీ బడికీ తిరుగుతోంది. మేడమ్ రాసేది రెండు మూడు లైన్లే. ఒక రోజుది ఇక్కడ రాస్తాను: "ప్రార్థనలో మైక్ గీమంది. చెవులు మూసుకొని కూర్చుండిపోయాడు. చివరి వరుసకు తీసుకెళ్లా, లేచి నిలబడ్డాడు. రేపటి నుంచి అక్కడే." ఏం జరిగింది, ముందు ఏముంది, ఏం చేస్తే కుదురుకున్నాడు, అన్నీ అందులోనే ఉన్నాయి. నేనూ పొద్దున్నే రాసి పంపుతాను. రాత్రి కరెంటు పోయి నిద్ర లేదని రాసిన రోజు మేడమ్ వాడితో రాత పని చేయించరు, బొమ్మలు ఇస్తారు.

మధ్యాహ్నం వాడిని తీసుకొచ్చేది మా అత్తమ్మ. ఆమెకు చదువు రాదు. మా ఆయన లారీ మీద ఉంటాడు, నేను టైలరింగ్ షాపులో. అది తెలిసి మేడమ్ అవసరమైన మాట ఉంటే వాట్సాప్‌లో వాయిస్ పెడతారు, మన మాటలోనే, "అమ్మా, ఇయ్యాల మనోడు మంచిగ తిన్నడు" అంటూ. అత్తమ్మ దాన్ని రెండుసార్లు పెట్టించుకొని వింటుంది. మనవడి గురించి బడి వాళ్లు ఆమెకు కూడా చెప్తున్నారంటే ఆమెకు ఎంత గౌరవంగా ఉంటుందో!

మూడో శనివారం జరిగే తల్లిదండ్రుల మీటింగ్‌లో కూడా వాడి విషయం అందరి ముందు తీయరు. అందరూ వెళ్లాక కూర్చోబెట్టి, ముందు వాడు కొత్తగా చేసినవి చెప్తారు, తర్వాతే ఇబ్బందులు. అక్షరాలు రావడం లేదని బాధపడుతున్నప్పుడు మేడమే ఆ పేజీ బయటకు తీశారు. అట్టముక్కల మీద బస్సు బోర్డుల్లాగా ఊర్ల పేర్లు రాశారు. "నకిరేకల్"లో న, "సాగర్"లో స. ఇప్పుడు పలక మీద ఊర్లకు ఊర్లే రాస్తున్నాడు.

దసరా సెలవుల ముందు బడిలో బతుకమ్మ పెట్టినప్పుడు నాకు భయమేసింది. పాటల సౌండ్ వాడు తట్టుకోలేడు. మేడమ్ ముందే నోట్‌బుక్‌లో కబురు పంపారు: పూలు పేర్చేటప్పుడు ఉంచుతాం, పాటలు పెట్టేముందు అమ్మమ్మనో నాయనమ్మనో వచ్చి తీసుకెళ్లమనండి అని. మా వాడు తంగేడు పూలు వరసగా, ఒక్కటి కూడా వంకర పోకుండా పేర్చాడట. తోటి పిల్లలు వాడికే గునుగు పూలు కూడా అందించారట. ఆ పిల్లలకు కూడా నా థాంక్స్. అన్నం, పప్పు విడివిడిగా వడ్డించే వంట అక్కకు మరీ మరీ. ఎవరూ అడక్కుండానే గుడ్డు పెంకు తీసి పెడుతుందట.

జూన్‌లో రెండో తరగతి, వేరే సారు. మేడమ్ ఇప్పుడే ఆయనను పిలిచి నోట్‌బుక్ చూపించారు, సెలవులకు ముందు మమ్మల్ని కూడా రమ్మన్నారు. మావాడి పేజీని ఈ ఏడాదికి తగ్గట్టు తిరగరాస్తున్నాను, చొక్కా అంచు సంగతి తీసేయొచ్చు, ఇప్పుడు నోటితోనే చెప్తున్నాడు. మీ పిల్లలను కొత్తగా బడిలో వేస్తుంటే నన్ను అడగండి, ఆ పేజీ నమూనా పంపుతాను. అక్క నాకు పంపినట్టే.