ఎకౌంట్ నంబర్ ఎందుకు పంపలేదంటే

ఒరేయ్ దాసూ,

వందనాలు. నీ వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. వేళచ్చేరిలో రైలెక్కి ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పార్క్ టౌన్ స్టేషన్ వచ్చింది కానీ నీ గోడు అయిపోలేదు. మాట్లాడితే నేనూ నీలాగే సాగదీస్తాను కాబట్టి రాస్తున్నా. రూముకెళ్ళి ఏసీ కింద కూర్చుని తీరిగ్గా చదువుకో.

నువ్వడిగినవి రెండు. ఒంగోలు ఇంటి లోను, చెల్లి పెళ్ళి అప్పు, కువైట్‌లో రూము అద్దె పోగా చేతిలో ఏమీ నిలవట్లేదు, చర్చికిచ్చే దశమ భాగం, అదే జీతంలో పదోవంతు, ఆపేశాను, తప్పా అని ఒకటి. పిన్నమ్మ మా ఇంట్లో ఉన్నన్ని రోజులకీ ఎంత ఖర్చయిందో చెప్పు, ఎకౌంట్ నంబర్ పెట్టు అని రెండోది. రెండోదానికి జవాబు చిన్నది. పెట్టను. ఇంకోసారి అడిగితే నీ నంబర్ బ్లాక్ చేస్తానని చెప్పమంది నీ చెల్లెలు, అదే మా ఆవిడ. ఆపరేషన్ బిల్లు నువ్వు కట్టావు, అది కొడుకుగా నీ వంతు. ఆవిడకి మా ఇంట్లో కూడు పెట్టడం మా వంతు. దానికి రసీదు పుస్తకాలు తెరవొద్దు.

పిన్నమ్మ బాగుంది. కుడికంటి శుక్లం తీసేసి లెన్స్ వేశారు. కట్టు విప్పగానే నా వంక చూసి ఆవిడ అన్న మొదటి మాట, "ఏంట్రా, ఇంత నెరిసిపోయావు?" చూపొచ్చినందుకు స్తోత్రం చెప్పాలో, నా జుట్టు గురించి ఏడవాలో అర్థం కాలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దని డాక్టరు చెప్పాడా, వినదు. చుక్కల మందు వేసుకుని, నల్ల కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీ లాక్కొచ్చి వంటగది గుమ్మంలో కూర్చుని నీ చెల్లెలికి పప్పులో చింతపండు ఎంతో చెప్తుంది. 

ఇంకో సంగతి. వచ్చిన మర్నాడే ఖాళీ స్టీలు డబ్బా ఒకటి అడిగి తీసుకుంది. బియ్యం కొలిచి గిన్నెలో పోశాక, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేస్తుంది. రెండు పూటలా. మీ ఊళ్ళో అందరిళ్ళల్లోనూ ఉండేదిగా, ఆదివారం గుడికి తీసుకెళ్ళి పోసే పిడికెడు బియ్యం. ఒంగోలు వదిలాక నేను మర్చేపోయాను. ఇక్కడ మేం పాతిక కిలోల బస్తా కొంటాం, కుక్కర్‌లో పడేస్తాం, పిడికెడు ఎక్కువైందో తక్కువైందో ఎవరికి తెలుసు? పిన్నమ్మకి మాత్రం మద్రాసైనా ఒకటే, మీ ఊరైనా ఒకటే.

మన పాస్టరు గారితో ఈ మాట అంటే ఆయన అజరయ్య బిషప్ గారి కథ ఎత్తుకున్నారు. తిరునల్వేలి తమిళుడు, 1909లో దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయులెవరికీ అంతకుముందు ఆ పదవి దక్కలేదు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది రోజుకూలి చేసుకునే మాల మాదిగలు. వాళ్ళు పేదవాళ్ళు కదా, వాళ్ళనేం అడుగుతాం అనుకోలేదాయన. పేదవాడికి కూడా ఇచ్చే హక్కు ఉందన్నట్టు నడిపించాడు. డబ్బు లేకపోతే పిడికెడు బియ్యం, అదీ లేకపోతే కోడిగుడ్డు, పంటలో మొదటి కంకులు. అటు మిజోరం సంఘాల్లోనూ 1910 నుంచి ఇదే పిడికెడు బియ్యం పద్ధతి ఉందట. ఒక తమిళుడు మనకి నేర్పినదాన్ని మనం మర్చిపోతే, మన పిన్నమ్మ మళ్ళీ తమిళ ఊరికే మోసుకొచ్చింది. నాకు భలే నవ్వొచ్చింది.

సరే, నీ దశమ భాగం దగ్గరికొస్తాను. నేను పాస్టర్ని కాదు, నా బుర్రకి తోచింది చెప్తా. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 14లో చివరి వచనాలు తీసి చూడు. మూడేళ్ళకోసారి ఆ పదోవంతుని ఊళ్ళోనే ఉంచమన్నాడు. ఎవరికోసం? గుళ్ళో సేవ చేసే లేవీయుడు, పరదేశి, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్ళు, వీళ్ళు తిని తృప్తి పొందాలని. పరదేశి అంటే ఎవర్రా, నువ్వూ నేనూ కాదూ? కాబట్టి నీ రూములో కొత్తగా వచ్చి, ఇంకా మొదటి జీతం చేతికందక, కుబ్బూస్ ముక్క టీలో ముంచుకుని తింటున్నాడని చెప్పావే ఆ కడప కుర్రాడు, వాడికి నువ్వు పెట్టిన కూరా వాడి ఫోనుకి నువ్వు చేయించిన రీచార్జీ కూడా ఆ లెక్కలోవే అంటాను. కానుకల పెట్టెలో పడితేనే దేవుడికి కనబడుతుందా?

అలాగని సంఘానికి ఇవ్వడం మానెయ్యమని కాదు. పాస్టరు గారికీ పిల్లలున్నారు, స్కూలు ఫీజులున్నాయి. చేతనైనంత ఇవ్వు, కానీ జీతం పడిన రోజునే తీసి పక్కన పెట్టు. నెలాఖరుకి మిగిలితే ఇద్దామనుకుంటే ఈ జన్మకి మిగలదు. పిన్నమ్మ అన్నం మిగిలాక తియ్యట్లేదు, చూశావుగా. పదోవంతు కాకపోతే ఇరవయ్యోవంతు. అప్పు తీరుతున్నకొద్దీ పెంచుకో. అప్పు తీర్చడం కూడా భక్తే. నీకు నమ్మి డబ్బిచ్చినవాడిని తిప్పించుకుంటూ చర్చిలో పెద్ద కవరు వేస్తే దేవుడు మురిసిపోడు. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" ఇమ్మన్నాడు పౌలు, అంతకంటే ఏం కావాలి.

నువ్వు ఫార్వార్డ్ చేసిన ఆ వీడియో మాత్రం డిలీట్ చెయ్యి. వెయ్యి రూపాయల విత్తనం వేస్తే పదివేల పంట అంటున్నాడు ఆ మనిషి. అది దేవుడితో చిట్టీ పాడుకోవడంరా. చిట్టీలో అయినా పాటకి ఓ లెక్కుంటుంది.

ఇప్పుడు నేను ఒకరి దగ్గర సాయం తీసుకున్న సంగతి చెప్పనీ. ఇది నీకెప్పుడూ వివరంగా చెప్పలేదు. 2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుపాను, గుర్తుందా? బాపట్ల దగ్గర తీరం దాటేముందు చెన్నైని ముంచి వెళ్ళింది. మాది గ్రౌండ్ ఫ్లోరు. పొద్దున లేచేసరికి మంచం కోళ్ళు నీళ్ళల్లో ఉన్నాయి, మధ్యాహ్నానికి ఫ్రిజ్ వెల్లకిలా తేలింది. కరెంటు లేదు, ఫోను లేదు, ఏటీఎం లేదు. జేబులో కార్డు, బ్యాంకులో జీతం, రెండూ ఉన్నాయి. పాల ప్యాకెట్టు కొనడానికి మాత్రం పనికిరాలేదు. బయట ఎవరో నోటికొచ్చిన రేటు చెబుతున్నారు, అదీ నోట్లే కావాలి.

పైన మామి వాళ్ళుంటారు, అయ్యంగార్లు. అప్పటిదాకా మెట్ల మీద ఎదురుపడితే నవ్వుకోవడం తప్ప పెద్ద మాటల్లేవు. మా ఇంట్లో ఆదివారం వండే కూరల వాసన పైకి వెళ్తుందని మాకు ఎప్పుడూ మొహమాటమే. ఆరోజు ఆవిడే దిగొచ్చి, మోకాళ్ళు దాటిన నీళ్ళల్లో నిలబడి, పిల్లల్ని ఇలా ఇవ్వండి అంది. నీళ్ళు తీసేదాకా వాళ్ళ హాల్లోనే పడుకున్నాం. వాళ్ళ సిలిండరు మీద, వాళ్ళ బియ్యంతో, పులిహోర, పెరుగన్నం, మళ్ళీ పులిహోర. మా చిన్నది తమిళంలో మొదట నేర్చుకున్న మాట "పోదుం". చాలు అని. మామి మాత్రం వినిపించుకోకుండా ఇంకో గరిటె వేసేది.

అప్పుడు నాకు నిద్ర పట్టేది కాదు. భయం వల్ల కాదు, ఈ ఋణం ఎలా తీర్చాలి అని. నెమ్మదించాక చీర కొనుక్కెళ్ళాం. మామి తీసుకుంది, లోపల పెట్టింది, వెంటనే మా ఆవిడకి మల్లెపూలూ పండూ చేతిలో పెట్టి పంపింది. లెక్క ఎక్కడా తేలనివ్వలేదు మనిషి.

అప్పట్నుంచి బైబిల్లో సారెపతు విధవరాలి కథ చదివితే వేరేగా అనిపిస్తోంది. చిన్నప్పుడు సండే స్కూల్లో తొట్టిలో పిండి తరగకపోవడం, బుడ్డిలో నూనె అయిపోకపోవడం, అదే అద్భుతం అనుకునేవాళ్ళం. కానీ ఏలీయా పరిస్థితి చూడు. కరువులో సొంత దేశం వదిలి సీదోను వాళ్ళ ఊరికొచ్చాడు. ప్రవక్త, అగ్ని దింపబోయేవాడు, కట్టెలేరుకుంటున్న పరాయి మతం ఆడమనిషిని రొట్టెముక్క అడుక్కోవాలి. "నిన్ను పోషించడానికి ఒక విధవరాలికి ఆజ్ఞాపించాను" అని దేవుడు ఆయనతో అన్నాడు కానీ, ఆవిడ మాటలు చూస్తే ఆ ఆజ్ఞ ఆవిడ చెవిన పడ్డట్టే లేదు. ఉన్న గుప్పెడు పిండి కొడుకూ తనూ తిని చచ్చిపోదామనుకుంటోంది. మామికి కూడా ఏ ఆజ్ఞా వినబడలేదనుకుంటా. ఆవిడ పెరుమాళ్ళకి దణ్ణం పెట్టుకుని వచ్చి మాకు అన్నం పెట్టింది. నేను యెహోవా యీరే, అంటే దేవుడే చూసుకుంటాడు, అని స్తోత్రం చెప్పుకుని తిన్నాను. ఎవరు ఎవరి చేత పంపారో దేవుడికే వదిలేశా.

ఇలా పరాయివాళ్ళ చేతి మీదుగా బతకడం మన ఒంగోలు వాళ్ళకి కొత్తేం కాదు. మా రైలు పక్కనే బకింగ్‌హామ్ కాలువ పోతుంది. ఇప్పుడు గుర్రపుడెక్క, మురుగు, ముక్కు మూసుకోవాలి, రైలు స్తంభాలు కూడా ఆ కాలువలోనే పాతారు. కానీ ఇది మన పెదగంజాం నుంచి మరక్కాణం దాకా 400 కిలోమీటర్లకు పైగా ఉన్న కాలువ. ఒకప్పుడు ఉప్పు పడవలు, కట్టెల పడవలు మన వైపు నుంచి దీన్లోనే మద్రాసు వచ్చేవి. 1876–78 ధాత కరువులో జనం ఎండిపోయి చస్తుంటే, ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర ఈ కాలువలో 3.5 మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. అమెరికాలో సర్వే పని నేర్చుకున్నవాడు కాబట్టి కొలతలు తెలుసు. మన తాతముత్తాతలు పలుగూ పారా పట్టి ఆ మట్టి తవ్వి, కూలి తీసుకుని బతికారు. ఆకాశం నుంచి మన్నా పడలేదు. మన్నాకి బదులు ప్రభుత్వ కూలి డబ్బులు, కొలత గొలుసూ వచ్చాయి.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇంకోటి. కరువు పని నడుస్తున్నన్నాళ్ళూ బాప్తిస్మం ఇమ్మని జనం అడిగినా ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదు, అన్నానికి మతం వెల కాకూడదు. పని అయిపోయాక, ఇక ఇచ్చేందుకు కూలి కూడా లేనప్పుడు తలుపు తీశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం. ఆ అంకె మన వాళ్ళందరికీ నోటికి వచ్చు. ఆ ముందు నెలల్లో ఆయన పట్టిన బిగువు గురించి మాత్రం ఎవరూ సాక్ష్యం చెప్పరు.

పిన్నమ్మ డబ్బా నిండితే ఆదివారం మన తెలుగు సంఘానికి తీసుకెళ్తున్నాం. అక్కడ కొందరు వండి సెంట్రల్ ఎదురుగా పెద్దాసుపత్రికి పట్టుకెళ్తారు. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు నుంచి వచ్చినవాళ్ళు అక్కడ వరండాల్లో కనబడుతూనే ఉంటారు. నేనూ వెళ్తున్నా. నిజం చెప్పాలంటే అన్నానికి పెద్ద కరువు లేదు. అమ్మ ఉణవగం, అదే ప్రభుత్వ క్యాంటీన్, వాళ్ళు 2013 నుంచీ రూపాయికి ఇడ్లీ పెడుతున్నారు. వాళ్ళకి కావలసింది తమిళం వచ్చిన మనిషి. ఏ కౌంటరుకి వెళ్ళాలి, స్కాన్ చీటీ ఎక్కడ ఇవ్వాలి, డాక్టరు మొహం చిట్లిస్తే అది కోపమా జబ్బు ముదిరిందా, ఇవి చెప్పేవాడు. పోయినసారి పొదిలి నుంచి వచ్చిన ఒక తాతతో రిపోర్టు కోసం సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నా. ఖర్చయింది రెండు టీలు. అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో దొరల ముందు నిలబడి, మీరు పేదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడట. ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు అదే గుర్తొచ్చింది.

నీ దగ్గర డబ్బు లేదని బాధపడ్డావు కదా. నీకు అరబ్బీ వచ్చు. ఆ కడప కుర్రాడికి రాదు. వాడి అకామా, అదే అక్కడుండే పర్మిట్, కాగితాల పనికి సెలవురోజు ఒక పూట వెంట వెళ్ళు.

మరి నెలాఖరుకి డాక్టరు ఇంకోసారి చూస్తానన్నాడు. ఆ మర్నాడు మధ్యాహ్నం పినాకినికి టిక్కెట్లు తీశా, ఒంగోల్లో నేనే దింపి వస్తా. టిక్కెట్టు డబ్బు పంపుతానని మొదలెట్టకు. ఎడమకన్ను ఆపరేషన్ చలికాలంలో పెట్టుకుందామంటోంది పిన్నమ్మ, అప్పటికి నీకు సెలవు దొరుకుతుందేమో మీ సూపర్‌వైజర్‌ని ఇప్పుడే అడిగిపెట్టుకో. శుక్రవారం ఆరాధన అయ్యాక ఫోన్ చెయ్యి, వీడియో కాల్ చెయ్యి, కొత్త కంటితో నిన్ను చూడాలట. ముందే గడ్డం గీసుకో.

నీ
రాజు
వేళచ్చేరి, చెన్నై